జీపుకు ఆరంగుళాలు

“రెండున్నర అంగుళాలు అంటే టైర్ కొంచెం పెద్దది పడుతుంది, అంకుల్. నాలుగు అయితే డ్యూన్స్‌లో ఫన్ ఉంటుంది. ఆరు అంటే...” అక్షయ్ జీపు కింద నుంచి తల బయటికి పెట్టి నవ్వాడు. “ఆరు అంటే మీ వైఫ్ మిమ్మల్ని ఇంట్లోకి రానివ్వరు.”

అక్షయ్ అమెరికాలో, ఈ నోవై ఊళ్ళోనే పుట్టిన తెలుగువాడు. జీపుల ఎత్తు పెంచే ఆ షాపులో మెకానిక్కు.

“ఆ వైఫ్ ఇక్కడే ఉంది. నన్ను మాత్రం ఆంటీ అనకు,” అన్నది సుమతి.

“ఓకే, ఆంటీ.”

ఆమె భర్త ఉదయ్ ఆ మాటలు వినలేదు. గోడకు వేలాడుతున్న పొడవాటి స్ప్రింగులనే చూస్తున్నాడు. పగలంతా కార్ల కంపెనీలో సీటు బెల్టుల డ్రాయింగులు దిద్దే ఆ మనిషికి కొన్నేళ్ళుగా ఒకటే కల. పెద్ద సరస్సు ఒడ్డున ఇసుక కొండలు, ఆకాశంలోకి లేచిన జీపు ముక్కు, శిఖరం దాటేవరకు అవతల ఏముందో కనిపించని ఆ ఒక్క క్షణం. బయట మంచు దిక్కు మరిచినట్టు తిరుగుతూ కురుస్తున్నది. చెమర్చిన అద్దాల వెనక పార్కింగులోని కార్లన్నీ నీటి అడుగున నిద్రపోతున్నట్టున్నాయి.

ఆ కలకు అడ్డం అతని తల్లి ధనమ్మ మోకాళ్ళు.

ఆమె మూల కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్నది. లెక్కల టీచరుగా రిటైరై, కొడుకు దగ్గరే ఉంటున్నది. కొడుకూ కోడలూ ఆమెను ఒక్క పూటైనా ఒంటరిగా వదిలి ఎరుగరు. సుమతి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది, అదీ అత్తగారు కంటికి కనిపించేటట్టు భోజనాల బల్ల దగ్గర కూర్చుని. శని ఆదివారాలు గుడి, మాల్, ఎవరి బిడ్డదో పుట్టినరోజు. ముందు సీటులో ధనమ్మ, వెనక సీటులో సుమతి. తల్లిని అంత భద్రంగా చూసుకునే కొడుకు ఈ చుట్టుపక్కల లేడని సుమతి స్నేహితురాలు పద్మ నలుగురిలోనూ అంటుంది. అటువంటి ప్రేమకు వంక పెట్టే మాట ఏ నిఘంటువులోనూ దొరకదు.

చలికాలం మొదలైనప్పటి నుంచి మాత్రం ధనమ్మ మోకాళ్ళు పట్టేస్తున్నాయి. కారెక్కాలంటే కొడుకు భుజం కావాలి.

“రెండున్నర చాలు. అత్తయ్యగారు ఎక్కాలిగా,” అన్నది సుమతి.

“రెండున్నరకి ఎత్తు పెంచే కిట్ ఎందుకు? టైర్లకి హైహీల్స్ తొడిగితే సరిపోతుంది,” అన్నాడు ఉదయ్.

“మీరు కొండలు తర్వాత ఎక్కుదురుగాని. ఆవిడ జీపు ఎలా ఎక్కుతారో అది చెప్పండి ముందు.”

ధనమ్మ నెమ్మదిగా అడిగింది. “బాబూ, ఆరంగుళాలు పెంచితే జీపు గుమ్మం ఎంతెత్తుకు వస్తుంది?”

అక్షయ్ తన తొడ మీద అరచెయ్యి ఆనించి చూపాడు. “పెద్ద టైర్లతో ఇంత వస్తుంది, అమ్మమ్మగారు.”

దూరాన వెలుగుతున్న దీపాన్ని చూసినట్టు ఆమె ఆ అరచేతిని చాలాసేపు చూసింది.

“ఆరు పెట్టు.”

“అమ్మా, నువ్వు ఎక్కలేవు.”

“ఎక్కకపోతే దిగే బాధ కూడా ఉండదు. నీ సరదా నా మోకాళ్ళ దగ్గర ఆగిపోవడం నాకిష్టం లేదు, నాయనా.”

సుమతి ఓడిపోదలచుకోలేదు. “మడత స్టూలొకటి వేస్తే?”

“స్టూలెక్కడానికైనా వంచవలసింది మోకాలే కదమ్మా.”

“పవర్ స్టెప్ ఉంది, ఆంటీ. డోర్ ఓపెన్ చేస్తే అదే కిందకి వస్తుంది,” అన్నాడు అక్షయ్ ఉత్సాహంగా.

ధనమ్మ అతని వైపు తిరిగింది. “ఇసుకలోనో రాళ్ళలోనో ముందు విరిగేది ఆ మెట్టే కదా, బాబూ?”

“అవును, అమ్మమ్మగారు. ఫస్ట్ అదే పోతుంది.”

“మరి దండగ కదూ.”

“కానీ ఆరు పెడితే టర్న్స్‌లో ఊగుతుంది, అంకుల్. చాలా స్లోగా డ్రైవ్ చేయాలి.”

“నిదానంగా వెళ్ళి నిదానంగానే రానీ,” అన్నది ధనమ్మ.

“మిమ్మల్ని ఇంట్లో పడేసి మేం షికారు వెళ్ళామంటే పద్మ ఏమంటుంది?” అన్నది సుమతి.

“జీపు అందలేదని చెప్పు. నమ్మకపోతే వచ్చి కొలుచుకోమను.”

మంచు కరిగి, ఇసుక కొండలకు దారి తెరిచిన శనివారం పొద్దున జీపు డ్రైవ్‌వేలో నిలబడింది. పల్చటి పొగమంచులో దాని చక్రాలు నేలకు తాకనట్టే ఉన్నాయి. ఉదయ్ చివరి ప్రయత్నంగా తల్లికి భుజం అందించాడు. ఆమె ఒక పాదం ఎత్తి, మోకాలి మీద చెయ్యి వేసుకుని, కళ్ళు మూసుకుని వెనక్కు తగ్గింది.

“వద్దులే, నాయనా. మీరు వెళ్ళిరండి.”

సుమతి ముందు సీటులో కూర్చున్నది. కూర్చున్నందుకు సిగ్గుపడుతున్నట్టు తల దించుకున్నది.

“సాయంత్రానికల్లా వచ్చేస్తాం, అత్తయ్యా. ఫోన్ పక్కనే పెట్టుకోండి.”

“చీకటి పడినా ఫరవాలేదమ్మా.”

ఉదయ్ కళ్ళు తుడుచుకుని బండి కదిలించాడు. జీపు పడవలా ఊగుతూ వీధి చివర మలుపు తిరిగి, పొగమంచులో కరిగిపోయింది. ధనమ్మ లోపలికి వచ్చి తలుపు గడియ వేసింది. ఇల్లంతా ఎవరూ అడుగుపెట్టని మంచులా నిశ్శబ్దంగా ఉన్నది. ఆమె కాసేపు కదలకుండా నిలబడి ఆ నిశ్శబ్దాన్ని విన్నది. చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు దోపుకున్నది.

రెండేసి మెట్లు దాటుకుంటూ ధనమ్మ మేడెక్కింది.