వాడే విధానం

“మా పాత పుస్తకం బాగానే ఉందండీ. మళ్ళీ రాయించే పనేముంది?” అన్నాడు కంప్యూటర్‌లో కనిపిస్తున్న వాటర్ హీటర్ల కంపెనీ మేనేజర్.

మా అమ్మాయి ముఖం పాలిపోయింది. కొన్న సామానుతో పాటు పెట్టెలో వచ్చే ‘వాడే విధానం’ పుస్తకాలు రాయడం దాని పని. ఉద్యోగం మానేసి ఇంట్లోనే మొదలుపెట్టింది. ఉన్న ఇద్దరు క్లయింట్లూ పోయారు. ఇతనూ కాదంటే రేపు పాత ఆఫీసుకెళ్ళి కాళ్ళావేళ్ళా పడాల్సిందే.

తను మాట్లాడుతుంటే గదిలోకి రావద్దని వందసార్లు చెప్పింది. అయినా, ఆ కంపెనీ పాత పుస్తకం నిన్ననే అమ్మాయి ఇస్తే చదివానేమో, ఆగలేకపోయాను.

“బాబూ, నీళ్ళలోంచి హీటర్ కడ్డీ తీసేముందు స్విచ్ ఆపమని మీ పుస్తకంలో ఎక్కడా లేదే! మా ఆయన అలాగే తీస్తే నా గతేం కాను?”

“అమ్మా!” అంది అమ్మాయి.

చేతులారా బిడ్డ నోటి దగ్గర కూడు తీసేశాననుకున్నాను.

“ఎవరండీ ఆవిడ?” అన్నాడు మేనేజర్.

“మా అమ్మండీ. నేను రాసే ప్రతి పుస్తకం ముందు ఆవిడే చదువుతుంది. ఆవిడకి భయమేసిన చోటల్లా తిరగరాస్తాను.”

రోజూ ఆ కాగితాలు చదివిస్తుంటే, నాకు పొద్దుపోవడానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మేనేజర్ తన పుస్తకం తెరిచాడు. పని ఇస్తాననలేదు, ఇవ్వననీ అనలేదు. “ఇంకెక్కడ భయమేసిందమ్మా?” అని అడిగాడు.

ఎప్పుడూ ‘చాల్లే, ఊరుకో’ అనే పిల్ల లేచి, తన కుర్చీ నా వైపు జరిపింది.

“మొదటి పేజీ నుంచి చెప్పనా బాబూ? అందులోనే ఏడు చోట్లున్నాయి” అన్నాను.