చదవకుండా ఓకే

"మళ్ళీ ఎర్రరా? ఓకే కొట్టెయ్, నేనొచ్చి చూస్తా," అంది పక్క సీట్లోని సీనియర్ గుమాస్తా.

ఆరేళ్లుగా టైపిస్టు అలాగే చేస్తోంది. కానీ భర్త ఉన్న ఊరికి బదిలీ అడగడానికి ఈరోజే ఆఖరు. అందుకే తెర మీద ఏం రాసుందో మొదటిసారి చదివింది.

"అక్కా, నిన్న పంపిన బదిలీ దరఖాస్తుని ఈరోజు పొద్దున పది నలభైకి నేనే వెనక్కి తీసుకున్నానట."

"కంప్యూటర్‌కి పిచ్చి. నమ్మకు."

"నా పాస్‌వర్డ్ నీకు తప్ప మా ఆయనక్కూడా చెప్పలేదు."

సీనియర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నువ్వూ వెళ్ళిపోతే ఈ గదిలో నేనెవరితో మాట్లాడాలే?"

టైపిస్టు కింది వరస చదివింది. 'ఇది మీరు చేసింది కాకపోతే, పాస్‌వర్డ్ మార్చి మళ్ళీ పంపండి.'

"లే, నేను చేసిపెడతా," అంటూ సీనియర్ వంగింది.

టైపిస్టు లేవలేదు. ఎడమచేతిని కీబోర్డుకి అడ్డం పెట్టి, కుడిచేత్తో ఒక్కొక్క అక్షరమే కొట్టింది.