ఎవరి చేతిలో ఉంది

యూకాన్ నది మీదుగా టపా విమానం వెన్నెల్లో తేలిపోతోంది. కెప్టెన్ ఒడెట్‌కు హాయిగా ఉంది.

"బాగా నడుపుతున్నావోయ్ గ్రేడీ. కుదుపన్నదే లేదు," అంది.

పక్క సీట్లోని కో పైలట్ నవ్వాడు. "దెప్పకండి కెప్టెన్‌గారూ. నడుపుతోంది మీరేగా."

ఇద్దరి చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. ఆటోపైలట్ ఆపేసి ఉంది. ముందున్న రెండు స్టీరింగులూ నది వంపుకు తగ్గట్టు మెల్లగా తిరుగుతున్నాయి. దిగాల్సిన ఊరి దీపాలు రెక్క కింద నుంచి వెనక్కి జారిపోయాయి.

విమానం చేతులు మారాలంటే ఒకరు అడగాలి, నడిపేవాళ్ళు ఇచ్చానని పైకి చెప్పాలి. అది నియమం. ఒడెట్ స్టీరింగు పట్టుకుంది. వెచ్చగా తగిలింది.

"ఇక నాకివ్వండి," అంది.

గ్రేడీ పెదవి కదపలేదు. హెడ్‌ఫోన్లో ఒక ముసలి గొంతు బతిమాలింది.

"ఇంకాసేపు నా చేతిలోనే ఉండనీ తల్లీ."