రెండు కార్డులు, ఒక గది

నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్లో బస్తాలకు మూతులు కుట్టిస్తుండగా పరమేష్‌కు ఫోన్ వచ్చింది. సూర్యలంక బీచ్ పక్కనున్న రిసార్టు నుంచి, రిసెప్షన్‌లో పనిచేసే గ్రేస్ అట. యాదలక్ష్మిగారూ కాటమయ్యగారూ వచ్చారని, గది పరమేష్ పేరు మీద బుక్ అయిన మాట నిజమేనని, కానీ తాళంచెవి ఇవ్వలేకపోతున్నానని మర్యాదగా చెప్పింది.

“ఎందుకు మేడం? ఆధార్ కార్డులు తీస్కపోయిండ్రు గద.”

“కార్డులున్నాయండి. ఆవిడది నకిరేకల్, ఆయనది అమ్రాబాద్. భార్యాభర్తలైతే అడ్రస్ ఒకటే ఉండాలి, లేదంటే పెళ్లికి రుజువుండాలి. ఏదీ లేకుండా ఒకే గది ఇవ్వొద్దని మా సార్ రూలు.”

“ఆయన అడ్రస్ ఇంక మార్పించలే మేడం. గంతే.”

పరమేష్ టార్పాలిన్ నీడలోకి జరిగాడు. అన్నీ కనుక్కునే పంపాడు తను. విజయవాడ దాకా ఏ బస్సు, అక్కడి నుంచి బాపట్లకు ఏ రైలు, స్టేషన్ బయట షేరింగ్ ఆటోలు ఎక్కడ ఆగుతాయి, అన్నీ. పొద్దుగూకితే బీచ్ నుంచి ఊళ్లోకి ఆటోలు దొరకవని ఎవరో చెబితే, నడిచి వెళ్లేంత దగ్గరలోనే గది తీసుకున్నాడు. ఈ ఒక్క సంగతే అడగలేదు.

యాదలక్ష్మి ఇదే మార్కెట్లో కాయలు ఏరి కొడుకును పెంచింది. సముద్రం ఎప్పుడూ చూడలేదు. ఆమెకు చూపించాలన్న కోరిక కాటమయ్యది. ఈ వయసులో ఇదేం ముచ్చటని వాడకట్టంతా నవ్వుతుందని ఆమె చాలా రోజులు ఒప్పుకోలేదు. వాడకట్టు నవ్వింది కూడా. బస్సెక్కాక ఆమె కాటమయ్య పక్కన కూర్చోకుండా వెనక సీట్లో తలవంచుకుని కూర్చుంటే, పరమేష్ భార్య నిరోష లోపలికెళ్లి చెయ్యి పట్టి తెచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టింది.

ఇప్పుడు గది దొరక్క తిరిగొస్తే అమ్మ మళ్లీ గడప దాటదని అతనికి తెలుసు.

ఆమె ఏం చేస్తున్నదని అడిగాడు. సంచి ఒళ్లో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చుందని, వెళ్లిపోదాం వెళ్లిపోదాం అంటోందని, పెద్దాయన మాత్రం ఆటోను పంపించేసి ఆమెకు మంచినీళ్లు తాగిస్తున్నాడని గ్రేస్ చెప్పింది.

“రెండు గదులైతే ఇప్పుడే ఇచ్చేస్తానండి.”

“వద్దు మేడం. రెండు గదులంటే, ఏదో తప్పు చేసిన అనుకుంటది మా అమ్మ.”

గ్రేస్ గొంతు తగ్గించి, ఆమెను చూస్తే తనకూ బాధగానే ఉందని, ఆ పెళ్లి దగ్గరుండి చేసిన పెద్దవాళ్లెవరైనా ఒక్కమాట చెబితే చాలని, సార్‌కు తాను నచ్చజెప్పుకుంటానని అంది.

“నేనే చెప్త.”

ఆమె నవ్వింది. “మీరెలా చెబుతారండి? మీరు ఆవిడ కొడుకు కదా!”

పరమేష్‌కూ నవ్వొచ్చింది.

“పోయిన నెల మా అమ్మ పెళ్లి చేసింది నేనే.”