నక్క డ్యూటీ

ఒమన్‌లోని ఇబ్రిలో నిన్న సాయంత్రం భీమన్న సెలవు మూడోసారి వాయిదా పడింది. మేకల ఫారం యజమాని, నక్కలను కాల్చే తుపాకికి గురి చూసే స్కోపు ఇంకా ఎంచుకోలేదు.

కాపరి భీమన్న తనకు పుట్టిన బిడ్డను ఇంతవరకు చూడలేదు. స్కోపు ఖాయమైన మర్నాడే టికెట్ అని యజమాని మాట ఇచ్చాడు.

చీకట్లో చూపించే స్కోపు, ఒంటి వేడిని పట్టే స్కోపు, నక్క బెదరని ఎర్ర లైటు సీబ్ పట్టణంలోని దుకాణం నుంచి పరీక్షకు వచ్చాయి. నెల రోజులుగా పొద్దు గూకగానే భీమన్న కంచె బయట నక్కలా మోకాళ్ల మీద పాకుతున్నాడు. యజమాని గురిపెట్టి చూస్తున్నాడు. ఏది మేలో తేలడం లేదు.

"తుపాకిల గుండు లేదుగద, వహీద్ భాయ్?"

"ఖాళీయే అంటున్నడు అర్బాబ్. నువ్వు జర నక్క లెక్క నడువ్," అన్నాడు డ్రైవర్ వహీద్. అర్బాబ్ అని వాళ్లు పిలిచే యజమాని అరబీని భీమన్నకు చేరవేసేది అతనే.

నిన్న భీమన్న తెగించాడు.

"నేను తిరుగుతుంటే అసలు నక్క ఎట్లొస్తది? నెల సంది ఒక్క మేకపిల్ల పోలే. నన్ను ఇంటికి తోలియ్యమను. అప్పుడు నక్కనే వస్తది, దాని మీదనే చూసుకుంటడు."

వహీద్ ఉన్నదున్నట్టు చెప్పాడు. యజమాని తుపాకి బండిలో పెట్టించి, భీమన్న వీపు తట్టాడు.

"టికెటా, భాయ్?"

"కాదు. మేకపిల్ల పోలేదన్న మాట ఒక్కటే ఆయనకు నచ్చింది."

స్కోపులు, లైటు రేపు దుకాణానికి వాపసు పోతాయి. ఈ సాయంత్రం భీమన్న మళ్లీ పాకుతాడు. శుక్రవారం నుంచి పక్క ఫారంలో నక్క డ్యూటీ కూడా అతనిదే.