తిరుగు కుశలం

హిందూపురం హాస్టలు విడిచి పెనుకొండలోని ఇంటికి వచ్చేసిన భారతి, "ఆడ నన్ను పలకరించేటోళ్లే లేరవ్వా, ఇంక చదువుకు పోను" అని భీష్మించింది.

అంతలో కళాశాలవారు ఇచ్చిన యాప్ ఫోనులో సుస్వరంగా పలికింది. "భారతీ, ఈ రోజు నీ మనసెలా ఉంది?"

భారతి "బాగుంది" అని నొక్కి ఫోను పక్కన పడవేసింది.

"ఎవరే ఆ పాప?" అన్నది అవ్వ యల్లక్క.

"పాప కాదవ్వా, మిషను. రోజూ ఇట్లే అడుగుతాది."

"మిషనైతే మాత్రం? క్షేమమడిగినోళ్లను తిరిగి అడగొద్దా? మర్యాద ల్యాకుండా పోయెనే నీకు!"

భారతి పకపక నవ్వింది. ఆ నవ్వు నడుమనే ఆగిపోయింది. హాస్టలులో ఏడాదిగా తనతో ఒకే గదిలో ఉన్న సుధ యోగక్షేమాలు తానెన్నడైనా విచారించిందా?

వెంటనే ఫోను చేసింది. "ఏమే సుధా, ఎట్లుండావు?"

అవతల పెట్టె మూత వేసిన చప్పుడు వినిపించింది.

"నాతో నువ్వు పలకవని, నేనూ ఊరికి పోదామని పెట్టె సర్దుకుంటాండా."

"సర్దింది తీసెయ్ మే! పొద్దున బస్సుకే వస్తాండా."