వాటంతటవే కలుస్తాయి

పాప కంటికి కనిపించకుండా పోవడం. లోకంలో ఆమెకు అంతకు మించిన భయం లేదు.

అందుకే ఇల్లు మారి, గిన్నెల అట్టపెట్టె కూడా విప్పకముందే, సొంత అక్కకైనా కొత్త అడ్రసు చెప్పకముందే, కెమెరాను ముందుగది అలమర మీద నిలబెట్టింది. తను వెనకగదిలో మిషన్ మీద యూనిఫాంలు కుడుతున్నా, ముందుగదిలో పాప ఆడుకోవడం ఫోన్‌లో కనిపిస్తూ ఉండాలి. ఆ కెమెరా కొత్త నెట్‌కు కలిస్తేగా!

పొద్దుటి నుంచీ దానితో కుస్తీ. వెనక రీసెట్ చిల్లులో సూది గుచ్చింది. కీచుమంది. పాస్‌వర్డ్ కొట్టింది. తప్పంది. మళ్లీ కొట్టింది. ఎర్రదీపం వెక్కిరిస్తున్నట్టు మిణుకుమంది. టీవీ మరీ ఘోరం. రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చివరికంటా వెళ్లేసరికి మొదటికి మోసం వచ్చింది.

కోపం నషాళానికంటింది.

“అమ్మా, బొమ్మలు రావట్లేదు,” అంటూ పాప ట్యాబ్ పట్టుకొచ్చింది.

“నా మొహం మీద వస్తున్నాయి, చూసుకో! పో, కిందికి పోయి ఆడుకో. గేటు దాటావంటే కాళ్లు విరగ్గొడతా!”

పాప మూతి ముడుచుకుని, బంతి చంకలో ఇరికించుకుని మెట్లు దిగింది.

అంతలో నెట్ మెకానిక్ వచ్చాడు. నెరిసిన మీసాల మనిషి. వెనకే ఇంటి ఓనరైన కింది వాటా పెద్దావిడ ఆయాసపడుతూ ఎక్కొచ్చింది.

“ఎప్పుడనగా ఫోన్ చేస్తే ఇప్పుడా రావడం?” పాప తల్లి అతని మీద ఒంటికాలి మీద లేచింది.

“సార్ ఉంటే పిలవండమ్మా. ఎలా కలపాలో ఓసారి చూపించి పోతా.”

“ఏం, నాకు చూపిస్తే ఎక్కదా? చదువు మధ్యలో ఆపేశాను గానీ బుర్ర ఆపేయలేదు!”

“ఆయన లేరయ్యా, పోయారు,” పెద్దావిడ గొంతు తగ్గించింది. “ఈ వయసులో ఎంత కష్టమో పాపం.”

“పిన్నిగారూ! వచ్చినవాళ్లందరికీ టముకు వేయాలా ఆ సంగతి?”

పెద్దావిడ చిన్నబుచ్చుకుని కిందికి వెళ్లిపోయింది. మెకానిక్ కెమెరా అందుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

“ఇది మీకన్నా మొండిదమ్మా,” అని నవ్వబోయి, ఆమె చూపు చూసి మానుకున్నాడు. “ఇలా ఒక్కోదాని కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. పాత ఇంట్లో నెట్ పేరేంటి? పాస్‌వర్డ్ గుర్తుందా?”

“గుర్తుండకేం.” పాప పుట్టిన రోజున పెట్టిన పాస్‌వర్డ్ అది. ఎలా మరిచిపోతుంది?

“అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఈ కొత్త వైఫై డబ్బాకి పెట్టేస్తా. ఒక్క అక్షరం కూడా తేడా రాకూడదు. ఇంక మీ సామాన్లకి ఇల్లు మారిన సంగతే తెలీదు. ఒకసారి కలిసింది ఏదైనా సరే, దగ్గరికొస్తే చాలు, మనల్ని అడక్కుండా దానంతటదే కలిసిపోతుంది.”

“ఈ ముక్క పొద్దున ఫోన్‌లోనే ఏడిస్తే నా సగం రోజు మిగిలేది కదా!”

ఆమె చెప్పిన పేరూ పాస్‌వర్డూ అతను నవ్వుతూ డబ్బాలోకి ఎక్కించాడు. మాయ చేసినట్టే అయింది. ముందు ఆమె ఫోన్ కలిసింది. తర్వాత టీవీలో పాటలు మొదలయ్యాయి. సోఫా మీద ట్యాబ్ వెలిగింది. కెమెరా ఎర్రదీపం పచ్చబడింది.

“ఏది కలిసినా దాని పేరు మీ ఫోన్‌లో పడుతుంది. నాలుగేనా అమ్మా?”

“నాలుగే.”

అతను వెళ్లాక మిషన్ ముందు కూర్చుంది. కోపమింకా చల్లారలేదు. సూదిలో దారం ఎక్కనంది. దాన్నీ తిట్టింది. పాపను కసిరినందుకు తననూ తిట్టుకుంది. ఈ చొక్కా చేతులు రెండూ కుట్టేసి పిలుద్దాం, ఇద్దరం అన్నం తిందాం అనుకుంది.

ఫోన్ టింగుమంది. కొత్తగా ఇంకొకటి కలిసింది. అయిదు.

“అప్పుడే ఎవరో దూరారు!” కత్తెర పట్టుకునే లేచింది. పాస్‌వర్డ్ పెట్టి గంటైనా కాలేదు, వీధిలో వాళ్లందరికీ తేరగా దొరికిందా? ఎవరై ఉంటారు? పక్క వాటావాళ్లా? వాళ్లకి పాస్‌వర్డ్ ఎవరు చెప్పారు, ఆ మీసాలాయనేనా? ఇవాళ వాళ్ల సంగతో తన సంగతో తేలిపోవాలి. పళ్లు నూరుతూ ఆ పేరు మీద వేలు పెట్టింది.

‘పాప డాడీ’.

కత్తెర పక్కన పడేసి కెమెరా తెరిచింది. ఫోన్‌లో ముందుగది అద్దంలా కనిపిస్తోంది. గదిలో ఎవరూ లేరు.

మెట్లు రెండేసి చొప్పున దూకుతూ, గొంతు చించుకుని అరిచింది:

“పిన్నిగారూ, పాప వాళ్ల నాన్న పోయాడని మీకు అబద్ధం చెప్పాను, అతని చేతికి దొరక్కుండా మేమే పారిపోయి వచ్చాం, గేటు దగ్గర పాప ఉందో లేదో చూడండి!”